పేరు లేని మర్జ్

ఉర్దూలో వికారాన్ని 'మతలీ' అంటాం. 'జీ మతలా రహా హై' అంటే కడుపులో తిప్పుతోందని అర్థం. కానీ ఆ మాటలో కడుపు ఎక్కడా లేదు. ఉన్నది 'జీ'. జీ అంటే మనసు, ప్రాణం, కోరిక, అన్నీ. తెలుగు అలా కాదు. కడుపులో తిప్పుతుంది, డోకొస్తుంది, నోట్లో నీళ్లూరుతాయి, తిండి సయించదు. ఒంట్లో ఎక్కడ ఏం జరుగుతోందో లెక్కగా చెబుతుంది. పదో తరగతి దాకా కర్నూలులో ఉర్దూ మీడియం, ఆ తర్వాత డిగ్రీలో తెలుగు చదివినవాణ్ని కాబట్టి ఈ మాటలన్నీ నాకు ముందునుంచీ తెలుసు. తెలియడం వేరు, వాటితో జిందగీ గడపడం వేరు. ఆరేళ్లుగా పొద్దున్న కళ్లు తెరవగానే నన్ను మొదట పలకరించేది మతలీయే.

వాంతి కాదు. వాంతి అయితే ఒకసారి అయిపోయి కాస్త సుకూన్ దొరుకుతుంది. ఇది అలా అయిపోయేది కాదు. ఘాట్ రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చున్నప్పుడు గొంతు దగ్గర ఏదో ఆగి ఉంటుంది చూడండి, అది దిగకుండా రోజంతా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొన్ని రోజులు తక్కువ, కొన్ని రోజులు ఎక్కువ. పోపు వాసన వస్తే ఎక్కువ. చేపల పులుసు మరుగుతుంటే ఇంట్లో ఉండలేను. షాదీల్లో దమ్ బిర్యానీ దేగ్ మూత తీసే వేళకు అందరూ దగ్గరకు జరుగుతుంటే, నేను చెప్పులు వెతుక్కుంటూ బయటకు వస్తాను. 71 కిలోలు ఉండేవాణ్ని, 58కి వచ్చాను. పాత ప్యాంట్లకు బెల్టు మీద కొత్త రంధ్రాలు చేయించుకున్నాను.

ఇదంతా మరో ఊళ్లో అయితే అసిడిటీ అనో, గ్యాస్ అనో, టెన్షన్ అనో నలుగురూ నాలుగు సలహాలు ఇచ్చి వదిలేసేవారు. నేనుండేది పూండిలో. వజ్రపుకొత్తూరు మండలం. హౌరా-చెన్నై రైలు మార్గంలో పలాస దాటాక వచ్చే చిన్న స్టేషన్. నౌకరీ కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నా ససురాల్ టెక్కలి. కొబ్బరి, జీడి, పనస తోటల నీడలో ఉన్న ఈ సీమను ఉద్దానం అంటారు, ఉద్యానవనం అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇక్కడ ఒక మనిషి కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, 'సయించట్లేదు' అని లేచాడంటే ఆ ఇంట్లో ఎవరూ గ్యాస్ అనుకోరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తర్వాత ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు.

"ఏటి బాబూ, కిట్నీ పరీచ్చ సేయించుకున్నారా?"

ఆ సవాల్ నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. పాలు పోసే ఆమె అడిగింది. జీడిపప్పు బట్టీ యజమాని అడిగాడు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర, టీ సగం తాగి పారబోస్తుంటే, ముక్కూమొహం తెలియని ఒక పెద్దాయన అడిగాడు. బాధ పెట్టడానికి అడిగిన మాట కాదది. మా ఇళ్లల్లో 'తబియత్ కైసీ హై' అని అడిగినంత మామూలుగా అడుగుతారు. అడిగినవాళ్లలో చాలామందికి ఇంట్లో ఒక మౌత్ అయినా కిడ్నీ ఖాతాలో ఉంది.

ఈ సంగతి ఉద్దానం బయటి పాఠకులకు కొంచెం తఫ్సీల్‌గా చెప్పాలి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ ఏడు మండలాల్లో రెండు దశాబ్దాలకు పైగా మనుషుల గుర్దాలు మెల్లగా పాడవుతున్నాయి. షుగర్ లేదు, బీపీ ఎక్కువగా లేదు, రాళ్లు లేవు. అయినా పాడవుతున్నాయి. 2020లో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో ఇక్కడ దాదాపు 2400 మందిని పరీక్షిస్తే, సుమారుగా ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి కారణం ఫలానా అని చెప్పే వీలు లేదు. డాక్టర్లు దీన్ని 'కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు' అంటారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలకు కూడా ఇలాంటి మర్జే వస్తోంది. ఎండలో పని చేస్తూ ఒంట్లో నీళ్లు ఆరిపోవడం, భూగర్భ జలాల్లోని సిలికా, పురుగు మందులు, ఒళ్లు నొప్పులకు మింగే గోలీలు, ఇలా ఒక్కో దాని మీదా అనుమానం ఉంది. ఇదీ ముజ్రిమ్ అని చేయి పెట్టి చూపించగలిగింది మాత్రం ఏదీ లేదు.

ఈ జబ్బు చప్పుడు చేయదు. నొప్పి ఉండదు. మొదట్లో వాపు కూడా రాదు. రెండు గుర్దాల పనిలో సగం దాకా పోయినా రక్తంలో క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. బాగా ముదిరాక, బయటకు పోవాల్సిన యూరియా లాంటి వ్యర్థాలు రక్తంలోనే పేరుకున్నాక, అప్పుడు మొదలవుతాయి నోట్లో ఇనుప రుచి, పొద్దున్నే డోకు, మాంసం అంటే వెలపరం, ఆకలి చచ్చిపోవడం. అందుకే ఇక్కడి జనానికి వికారం అంటే ఖబర్ తెచ్చే మనిషి లాంటిది. అది గుమ్మంలోకి వచ్చిందంటే లోపల చాలా జరిగిపోయిందని అర్థం.

కాబట్టి నేను పరీక్ష చేయించుకున్నాను. క్రియాటినిన్ 0.9. నార్మల్. మూడు నెలలు ఆగి మళ్లీ. 0.9. మూత్రంలో ప్రోటీన్ లేదు. స్కానింగ్‌లో రెండు గుర్దాలూ ఉండాల్సిన సైజులో ఉన్నాయి. ఇంట్లో అందరూ షుకర్ అదా చేశారు. నా బేగం రెండు రకాతుల నఫిల్ నమాజు చదివింది. నేనూ అల్‌హందులిల్లా అన్నాను. మరునాడు పొద్దున్న కళ్లు తెరిచేసరికి మతలీ మంచం పక్కనే కూర్చుని ఉంది.

ఆ తర్వాత మొదలైంది అసలు సఫర్. విశాఖపట్నం ఇక్కడికి రైల్లో దాదాపు 200 కిలోమీటర్లు. కడుపులో గొట్టం వేసి చూశారు. చిన్న ఎరుపు తప్ప ఏమీ లేదన్నారు. లివరు, థైరాయిడ్, బి12, తలకు ఎమ్మారై. కడుపులోంచి తిండి ఎంతసేపట్లో కిందికి దిగుతుందో చూసే పరీక్ష కూడా చేశారు. అన్నీ నార్మల్. మా బీరువాలో ఆధార్ కార్డుల పక్కన ఒక పెద్ద ఫైలు ఉంది. దాన్నిండా నార్మల్ అన్న మాటే.

ఫైలు ఎంత లావైతే లోకం నన్ను అంత అనుమానంగా చూసింది. ఏమీ లేదంటే అంతా నీ మనసులోనే అన్నారు కొందరు. కర్నూలు నుంచి ఫూఫీ ఫోన్ చేసి నజర్ తగిలిందంది. ఎండుమిర్చి దిగదుడిచి పొయ్యిలో వేయమంది. ఒక దోస్త్ తావీజ్ తెచ్చిచ్చాడు. అమ్మీ మాత్రం ఇవేవీ అనలేదు. ఫోన్లో రోజూ ఒక్కటే మాట. "జరాసా తో ఖాలే బేటా." ఆ 'జరాసా'లోని మమత ముందు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపాడు. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సాయిబుగారూ అంటాడు. నాలుగేళ్లుగా పలాసలో వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద, మనిషి రక్తమంతా మిషన్లోకి వెళ్లి కడిగించుకుని వెనక్కి వస్తుంది. డయాలసిస్ లేని రోజుల్లో సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చుంటాం. తిండి సయించని మనుషులు ఇద్దరం. ఎవరూ ఎవరికీ ఏమీ పెట్టక్కర్లేని ఆ అరుగు మీద ఇద్దరికీ ఆరాంగా ఉంటుంది.

నా రిపోర్టుల సంగతి చెప్పినప్పుడు ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "మీకు నెంబరు నేదు సాయిబుగారూ, నాకు నెంబరుంది. అంతే తేడా" అన్నాడు.

ఆయన నంబరు 9 దాటినప్పుడు డయాలసిస్‌కి ఎక్కించారు. ఆ నంబరు వల్ల ఆయనకు నెలకు పది వేల పింఛను వస్తోంది. ఆ నంబరు వల్ల ఆయన కంచం తోసేస్తే ఇంట్లో ఎవరూ కోప్పడరు. నాకు నంబరు లేదు. అలాగని ఆయన స్థానంలో ఉండాలని నేను ఒక్క క్షణం కూడా కోరుకోను, తౌబా. నా రెండు గుర్దాలూ ఒంట్లో ఆరోగ్యంగా ఉండటం ఎంత పెద్ద నేమతో రోజూ ఆయన్ని చూస్తూ తెలుసుకుంటున్నాను. కానీ తకలీఫ్‌ని నమ్మడానికి లోకానికి ఒక కాగితం కావాలన్న సంగతి కూడా ఆ అరుగు మీదే అర్థమైంది.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. ఎండాకాలం మధ్యాహ్నం, ఊరంతా బొండాలు తాగుతున్నారు. ఆయన తాగలేదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. గుర్దాలు పనిచేయని మనిషి ఒంట్లో అది బయటకు పోదు. ఎక్కువైతే గుండె కొట్టుకోవడమే ఆగిపోవచ్చు. పనసపండుకూ అదే మాట. జీడిపప్పులో పొటాషియానికి తోడు ఫాస్ఫరస్. ఎండుచేపల్లో ఉప్పు. ఆకుకూరలు, కూరగాయలు కోసి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండాలి. తాగే నీళ్లకు కూడా రోజుకు ఇంతని లెక్క.

ఆలోచించండి. కొబ్బరి, జీడి, పనస. ఉద్దానం పేరు చెబితే గుర్తొచ్చేవి ఈ మూడే. ఇంటికి మెహమాన్ వస్తే మంచినీళ్లకు బదులు బొండం కొట్టిచ్చే ఊళ్లు ఇవి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాసకు దగ్గర్లో తీరం దాటినప్పుడు, పడిపోయిన కొబ్బరి చెట్ల దగ్గర మనుషులు మయ్యత్ ఇంట్లో కూర్చున్నట్టు కూర్చోవడం రిపోర్టర్‌గా నేను చూశాను. ఆ చెట్లను పెంచిన ఒళ్లకే ఇప్పుడు ఆ చెట్ల కాయలు పర్హేజ్. నేలంతా దస్తర్‌ఖాన్ పరిచి ఉంది, ఇంటివాళ్లకే ఇజాజత్ లేదు. "నా సేత్తో దింపిన కాయలకి లెక్క నేదు. ఇప్పుడొక్కటి తాగడానికి నేదు" అని ఆయన నవ్వుతూనే అన్నాడు.

మా ముసల్మానుల ఇళ్లల్లో గుర్దా అన్న మాటకు ఇంకా రెండు అర్థాలున్నాయి. బక్రీద్ నమాజు నుంచి రాగానే మొదట వండేది కలేజీ-గుర్దా. చిన్నప్పుడు అబ్బా తన రకాబీలోంచి గుర్దా ముక్క తీసి నా నోట్లో పెట్టేవారు. రెండోది హిమ్మత్. ధైర్యం ఉన్నవాణ్ని 'దిల్-గుర్దే వాలా' అంటాం. చెట్టెక్కడానికి ముప్పై ఏళ్లు గుర్దా చూపించిన మనిషికి గుర్దాల జబ్బు వచ్చింది. నేను బక్రీద్ రోజు వంటింట్లోకి వెళ్లడం మానేసి మూడేళ్లయింది. గోష్త్ హిస్సాలు పంచే పని నెత్తినేసుకుని బయటే ఉంటాను. ఖుర్బానీ గోష్త్ కళ్లముందున్నా నోటిదాకా రాదు.

వికారం మనిషికి ఎందుకు పెట్టాడు ఖుదా అని చాలాసార్లు అనుకున్నాను. సైన్సు చదివితే కొంత జవాబు దొరికింది. మెదడు అడుగున ఒక చిన్న చోటు ఉంది. మెదడులో మిగతా చోట్ల రక్తంలోని విషాలు చొరబడకుండా ఒక అడ్డుగోడ ఉంటుంది. ఆ చోట మాత్రం గోడ పలచన. అది రక్తాన్ని రుచి చూస్తూ కూర్చునే చౌకీదార్. ఏదైనా జహర్ కనిపిస్తే గంట కొడుతుంది. కడుపులోంచి కూడా ఒక పొడవాటి నరం మెదడుకు ఖబర్లు మోస్తూ ఉంటుంది. మా అన్న రక్తంలో నిజంగానే జహర్ ఉంది, కాబట్టి ఆయన చౌకీదార్ కొట్టే గంట నిజం. నా చౌకీదార్ ఏ దొంగా లేకుండానే గంట కొడుతున్నాడు. గంట చప్పుడు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇంకో జవాబు 1955 నాటిది. జాన్ గార్సియా అనే అమెరికన్ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ఎలుకలకు శాకరిన్ కలిపిన తీపి నీళ్లు తాగించి, రేడియేషన్‌తో వాటికి కడుపులో వికారం పుట్టించాడు. ఆ తర్వాత ఎలుకలు ఆ తీపి నీళ్లను ముట్టలేదు. ఏదైనా తిన్నాక వికారం పుడితే, తప్పు ఆ తిండిది కాకపోయినా, ఒళ్లు ఆ రుచినే దుష్మన్‌గా రాసి పెట్టుకుంటుందని అప్పటినుంచి తెలిసింది. ఒక్కసారి చాలు, ఏళ్లపాటు చెరగదు. నా విషయంలో ఒళ్లు ఒక పొడుగాటి ఫెహ్రిస్త్ రాసుకుంది. మొదట చేపలు, తర్వాత వేయించిన ఉల్లిపాయ, తర్వాత నెయ్యి, తర్వాత టీ. ఏ రోజు ఏది తిన్నానో ఆ రోజు మతలీ దాన్ని పట్టుకుపోయింది. ఇష్టంగా తిన్నవే ముందు పోయాయి. తరచూ తిన్నవి అవే కదా మరి.

ఈ మర్జ్ నా ఒంటితో ఆగి ఉంటే సబర్ చేసుకునేవాణ్ని. మా చిన్న బేటీకి పదకొండేళ్లు. రెండేళ్ల కింద ఒకరోజు గమనించాను. అన్నం ముందు కూర్చున్నాక అది ముందు ముద్ద కలపడం లేదు. నా మొహం చూస్తోంది. నేను నోట్లో పెట్టుకున్నాక నా మొహంలో ఏమొస్తుందో చూసి, అప్పుడు కంచం మీదికి చేయి పోనిస్తోంది. నేను గుటక వేయలేక ఆగితే అదీ ఆగుతోంది. కొన్నాళ్లకు పప్పు వద్దంది. తర్వాత గుడ్డు వద్దంది. స్కూల్లో ఎవరో 'మీ నాన్నకి కిట్నీయా' అని అడిగారట. ఒక రాత్రి నా పక్కన పడుకుని చెవిలో అడిగింది. "అబ్బా, నాక్కూడా ఆకలి వేయట్లేదు. నాకూ వచ్చిందా?"

పాత్రికేయుడిగా ఎన్నో ఇళ్లల్లో కూర్చుని జవాబులు రాసుకున్నాను. ఆ రాత్రి జవాబు ఇవ్వాల్సింది నేను. రాదు బేటా అని ఊరికే అనలేదు. ఉద్దానంలో పిల్లలు అలాంటి మాటలకు ఎప్పుడో అలవాటు పడ్డారు. మరునాడు దాన్ని తీసుకెళ్లి రక్తం ఇప్పించాను. కాగితం దాని చేతికే ఇచ్చాను. క్రియాటినిన్ 0.5. ఇంత తక్కువుంటే మంచిదేనా అని రెండుసార్లు అడిగింది. మంచిదే అన్నాను. నాది 0.9 అని నా కాగితం కూడా చూపించాను. అబ్బాకి వచ్చింది గుర్దాల జబ్బు కాదనీ, ఒంట్లో ఒక గంట ఊరికే మోగుతోందనీ, గంట మోగినంత మాత్రాన మంటలు ఉన్నట్టు కాదనీ దానికి అర్థమయ్యేలా చెప్పాను.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక ఖాయిదా పెట్టుకున్నాం. రాత్రి అన్నం దగ్గర నేను దాని పక్కన కూర్చుంటాను, ఎదురుగా కాదు. నా కంచంలో తక్కువ ఉంటుంది, కానీ ఉంటుంది. మతలీ ఎక్కువగా ఉన్న రోజు ఆ మాట పైకే చెప్పేస్తాను. "ఆజ్ మేరా జీ అచ్ఛా నై, తుమ్ ఖావో" అంటాను. మొహంలో దాచి, గొంతులో మింగి, ఏమీ లేనట్టు నటిస్తే పిల్లలు ఇంకా భయపడతారు. చెప్పేస్తే అది అబ్బా మాటగా మిగులుతుంది, పప్పు మీదికి పోదు. ఆరు నెలలకు గుడ్డు మళ్లీ మొదలైంది. పప్పు ఇప్పటికీ అంతంత మాత్రమే. అంటే అది మామూలు పిల్లే అన్నమాట.

పోయినేడాది ఒక డాక్టర్ ఫైలంతా ఓపికగా తిరగేసి, దీనికి ఒక పేరు ఉందన్నారు. 2016లో వచ్చిన రోమ్ ప్రమాణాల్లో 'దీర్ఘకాలిక వికార, వాంతుల సిండ్రోమ్' అని ఒకటుంది. వారంలో కనీసం ఒక రోజు ఇబ్బంది పెట్టే వికారం, మూడు నెలలుగా ఉండటం, మొదలై ఆరు నెలలు దాటి ఉండటం, పరీక్షల్లో వేరే కారణం ఏదీ దొరకకపోవడం. అంటే ఏమీ దొరకకపోవడమే దానికి ఒక లక్షణం! మొదట నవ్వొచ్చింది. తర్వాత కళ్లు చెమర్చాయి. ఆ మాటలో కారణం లేదు, ఇలాజ్ గ్యారంటీ లేదు. అయినా ప్రపంచంలో ఎక్కడెక్కడో నాలాంటివాళ్లు ఇంతమంది ఉంటేనే కదా పెద్ద డాక్టర్లు కూర్చుని దాన్ని రాసి ఉంచారు. నా మనసులో పుట్టిన వహమ్ కాదని ఒకరు ముహర్ వేసినట్టయింది. రాత్రి పూట చిన్న మోతాదులో ఒక మందు ఇచ్చారు. ఎక్కువ మోతాదులో డిప్రెషన్‌కి ఇచ్చేదే, తక్కువలో కడుపు నరాల ఆగడం తగ్గిస్తుందన్నారు. పదింటికి పది ఉండే మతలీ ఆరుకి వచ్చింది. ఆరు నాకు చాలు. ఆరుతో నౌకరీ చేయొచ్చు.

మిగతాది నా తజుర్బాలోంచి నేర్చుకున్నాను. వేడి తిండి కంటే చల్లారిన తిండి నయం, వాసన తక్కువ కాబట్టి. మూడు పూటలు కాదు, ఆరేడుసార్లు, గుప్పెడు గుప్పెడు. కడుపు పూర్తిగా ఖాళీ అయితే మతలీ పెరుగుతుంది, కాబట్టి మంచం పక్కనే మరమరాల డబ్బా. కర్నూలులో మేం బొరుగులు అనేవాళ్లం. ఇక్కడివాళ్లు పొద్దున్నే తాగే చోడి అంబలి నా దుష్మన్ల ఫెహ్రిస్త్‌లోకి ఇంతవరకూ ఎక్కలేదు. పెరుగు కలిపిన చద్దన్నం కూడా ఎక్కలేదు. రాయలసీమలో పుట్టి, ఉర్దూలో పెరిగి, చివరికి సిక్కోలు అంబలి మీద బతుకుతున్నాను. రిజ్క్ ఎక్కడ రాసి పెట్టాడో అక్కడ దొరుకుతుంది.

రంజాన్‌లో మాత్రం దిల్ బరువెక్కుతుంది. బీమార్‌కి రోజాల నుంచి మినహాయింపు ఉంది. కోలుకునే ఆశ లేనివాడు ఒక్కో రోజాకు బదులు ఒక గరీబుకు కడుపు నిండా అన్నం పెట్టాలి, దాన్ని ఫిద్యా అంటారు. ఖాళీ కడుపుతో మతలీ ఎక్కువై పడిపోతున్నానని డాక్టర్ వద్దన్నాక రెండేళ్లుగా ఫిద్యా ఇస్తున్నాను. తను తినలేని మనిషి, ఇంకొకరి ఆకలి తీర్చి హిసాబ్ సరిచేసుకోవాలన్న ఆ హుకుంలో ఏదో గొప్ప మెహర్బానీ ఉందనిపిస్తుంది. పెట్టిన అన్నం ఎదుటివాళ్లు ఆకలిగా తింటుంటే చూడటం నాకిప్పుడు ఒక రకం భోజనం.

ససురాల్ వాళ్లు పూండి వదిలి వచ్చేయమంటున్నారు. ఆ నీళ్లే, ఆ గాలే అంటారు. ఈ నీళ్ల మీద వార్తలు రాసింది నేనే. 2019 సెప్టెంబర్‌లో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్‌కి, 200 పడకల ఆస్పత్రికి పునాది రాయి పడింది. 2023 డిసెంబర్ 14న ఆస్పత్రి తలుపులు తెరిచారు. అదే రోజు హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లను పైపుల్లో ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల పథకం కూడా మొదలైంది. మేమిప్పుడు తాగేది కుళాయి నీళ్లే. నా మతలీకి నీళ్లు కారణమని ఏ కాగితమూ చెప్పలేదు. కారణం తెలియనిదాన్ని భయంతో పూరించి ఊరు మార్చడం నాకు నచ్చలేదు. బేటీ స్కూలు ఇక్కడ. నా పని ఇక్కడ. అరుగు మీది అన్న ఇక్కడ. ఉండిపోయాం. ఆరు నెలలకోసారి ఇంటిల్లిపాదీ వెళ్లి రక్తం ఇచ్చి వస్తాం. ఈద్‌కి కొత్త బట్టలు తెచ్చుకున్నంత మామూలైపోయింది.

ఈ రాత చదువుతున్నవాళ్లలో ఎవరికైనా వారాల తరబడి తిండి సయించకపోతే, ఉద్దానంలో ఉంటే క్రియాటినిన్, ఇంకెక్కడున్నా ఒక మంచి డాక్టర్. ఒళ్లు నొప్పుల గోలీలు, గ్యాస్ గోలీలు మీకు మీరే కొనుక్కుని మింగుతూ కూర్చోకండి. పరీక్షల్లో ఏమీ లేదని వస్తే, ఏమీ లేదంటే తకలీఫ్ లేదని కాదు, అది గుర్తు పెట్టుకోండి. మీ ఇంట్లో నాలాంటి మనిషి ఉంటే ఇంకో చిన్న గుజారిష్. తినమని బలవంతం పెట్టకండి. ఎందుకు తినవని గుచ్చి అడగకండి. కంచం పెట్టి, పక్కన కూర్చుని, మీరు మాత్రం కడుపు నిండా తినండి. మాకు చూడటానికి బావుంటుంది.